తెర మూసే పద్ధతి

"చివరి వరస చదవండి."

"ఇ... ఎఫ్... తర్వాతది ఓ అయినా అయ్యుండాలి, సున్నా అయినా అయ్యుండాలి."

అది సంకేతం. గోడ మీది పటంలో ఆ వరసలో ఓ లేదు, సున్నా లేదు. కళ్ళ డాక్టరు వెళ్ళి వీధి తలుపుకు గడియ పెట్టాడు. 'పరీక్ష జరుగుతోంది' అన్న బోర్డు బయటికి తిప్పి వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. నిజానికి ఆయన కళ్ళ డాక్టరు కాదు. డిపార్టుమెంటులో ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. కుర్చీలో ఉన్న మనిషికి దృష్టి లోపమూ లేదు. డిపార్టుమెంటు లెక్కల్లో అతను పదిహేడు. అసలు పేరు ఒకటుండేది గానీ, పిలిచేవాళ్ళు లేక వాడుకలోంచి పోయింది.

"తూనీగలు మళ్ళీ ఎగురుతున్నాయి," అన్నాడు పెద్దాయన, అతని ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి అందులో అద్దం దించుతూ. తూనీగలంటే పరాయి దేశపు గూఢచారి ముఠా. "ఇది బాగుందా?"

"మసగ్గా ఉంది సార్."

"వచ్చే గురువారం, మధ్యాహ్నం రెండున్నరకు బయల్దేరే రైలు. అందులో ఒక లెక్కల మాస్టారు వస్తున్నాడు. పన్నెండేళ్ళు వాళ్ళకి కోడ్లు కట్టిపెట్టి, ఇప్పుడు మనవైపు వస్తానంటున్నాడు. వెంట కాగితం ముక్క కూడా ఉండదు. అంతా బుర్రలోనే. ఇదా, ఇదా?"

"ఇది."

"ఆ బుర్ర ఇక్కడికి చేరకూడదని వాళ్ళ పట్టుదల. మాస్టార్ని ఒక్కణ్ణే కాలిస్తే హత్య అంటారు. రైలుతో పాటు పోతే ప్రమాదం అంటారు. రైల్లో మొత్తం మూడొందల పన్నెండు మంది."

"ఎక్కడ సార్?"

"నది ముఖద్వారం దగ్గర వంతెన. పడవలొస్తే లేస్తుంది, రైలొస్తే దిగుతుంది. లేచి ఉన్నప్పుడు పచ్చ సిగ్నల్ పడకుండా ఒక ఇంటర్‌లాక్ ఉంటుంది. అది వచ్చే వారమంతా మరమ్మతులో ఉంటుంది. అంతవరకు మనిషే కంటితో చూసి సిగ్నల్ ఇవ్వాలి."

"కంటితో అంటే వంతెనని చూసా?"

"స్క్రీను చూసి. కంట్రోల్ రూము వంతెనకు మూడు కిలోమీటర్ల దూరంలో, ఒక ఆఫీసు కింది అంతస్తులో ఉంది. కిటికీల్లేవు. వంతెన మీద కెమెరా పెట్టారుగానీ, ఉప్పుగాలికి దాని కన్నుపోయి ఆర్నెల్లయింది." పెద్దాయన ఇంకో అద్దం మార్చాడు. "స్క్రీన్ల మెకానిక్‌గా చేరుతున్నావు, రేపే. అక్కడి ప్రోగ్రాములు పాతకాలంవి. రంగుల్లేవు, మౌసు లేదు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు. వాటి లోగుట్టు తెలిసినవాళ్ళు మన దగ్గర ఇద్దరే ఉండేవాళ్ళు."

"ఇప్పుడు ఒక్కణ్ణే సార్."

పెద్దాయన ఫ్రేము తీసి మడిచాడు.

"ఆ రెండో మనిషి తూనీగల్లో చేరిందని కబురు. ఎదురుపడితే ఏం చేయాలో నీకు చెప్పక్కర్లేదు."

"చెప్పక్కర్లేదు సార్," అన్నాడు పదిహేడు. ఏం చేయాలో అతనికి తెలియదు.

వెళ్ళేముందు పెద్దాయన ఒక కళ్ళజోడు ఇచ్చాడు. దాని అంచుల్లో లోపలివైపు చిన్న అద్దాలున్నాయి, పెట్టుకుంటే వీపు వెనక ఉన్నది కనిపిస్తుంది. ఒక పెన్ను కూడా ఇచ్చాడు. అది ఏం చేస్తుందో తయారుచేసిన విభాగానికే గుర్తులేదట. "పోగొడితే మూడు ఫారాలు నింపాలి," అన్నాడు.

*

గూఢచారి అనగానే జనం కార్లూ, విమానాలూ ఊహించుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే, గూఢచారి జీవితంలో ఎక్కువభాగం అద్దెగదుల్లో గడుస్తుంది. ఈసారి పదిహేడుకు దొరికిన గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ ఉన్నాయి. ఇంటివాడు, "ఇంకో కుర్చీ వేయించమంటారా?" అని అడిగితే, "ఎవరి కోసం?" అన్నాడు. ఎకసెక్కంగా అనలేదు, తెలియకే అడిగాడు.

సాయంత్రాలు బల్ల మీద కంప్యూటర్ తెరిచి, నల్లటి తెర మీద కొట్టుకునే కర్సర్‌ను చూస్తూ తినేవాడు. ఎదురుగా ఏదో ఒకటి కదులుతుంటే ముద్ద దిగుతుంది మరి.

ఆ తెరల సంగతి అతనికి నేర్పింది ఆమే, పెద్దాయన చెప్పిన ఆ రెండో మనిషి. పదకొండేళ్ళ కిందట, శిక్షణ కేంద్రంలో, చలిగా ఉండే ఒక పొడుగాటి గదిలో. ఇరవై నాలుగు వరసలు, వరసకు ఎనభై అక్షరాలు, అంతే పట్టే పాత టెర్మినల్ ముందు కూర్చోబెట్టి చెప్పేది.

"ప్రోగ్రాం అంటే అద్దెకొచ్చిన మనిషండీ. తెర దానిది కాదు. వచ్చీరాగానే చేయాల్సింది ఏమిటి? గది ఎంతుందో కొలుచుకోవాలి, అంతకుముందు ఎలా ఉందో గుర్తుపెట్టుకోవాలి. అది తెర తెరవడం. మధ్యలో ఇంటివాళ్ళు గోడ జరిపారనుకోండి, కిటికీని లాగి పెద్దది చేశారు, చిన్నది చేశారు. అలిగి కూర్చోకూడదు, సామాను మళ్ళీ సర్దుకోవాలి. అది కొలత మార్చుకోవడం. ఇక పోయేటప్పుడు?"

"పోయేటప్పుడు ఏముంది, పోవడమే."

"అదే మీ మగవాళ్ళ తెలివి. పోయేటప్పుడు ఎలా ఉన్న గదిని అలా అప్పజెప్పి పోవాలి. లేకపోతే తెర మూగబోతుంది. మీరు కొట్టే అక్షరాలు లోపలికి వెళ్తాయిగానీ బయటికి కనిపించవు. ఎంటర్ కూడా పలకదు. అప్పుడేం చేస్తారు?"

"మీకు ఫోన్ చేస్తాను."

ఆమె నవ్వింది. ఆమె పెట్టెలు గీసేటప్పుడు మూలల్లో గీతలు కలపకుండా కూడిక గుర్తులు పెట్టేది. ఎందుకంటే, "కలిపి కుట్టినట్టుంటుంది," అనేది. అతను కొలత మార్చుకునే భాగం రాయడం మర్చిపోయినప్పుడల్లా స్కేలుతో బల్ల మీద కొట్టేది. ఒక్కసారి కూడా ఆమె మాత్రం మర్చిపోలేదు.

తర్వాత డిపార్టుమెంటు వాళ్ళిద్దర్నీ భార్యాభర్తల వేషం వేసి ఒక పరాయి ఊరికి పంపింది. మూడేళ్ళు. వీధిలోవాళ్ళ కోసం ఆమె అతన్ని "ఏమండీ" అని పిలిచేది. మొదట్లో ఇద్దరికీ నవ్వాగేది కాదు. రెండో ఏడు వచ్చేసరికి, తలుపులు మూసుకున్నాక కూడా అలాగే పిలిచేది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మూడో ఏడు చివర్లో, తిరిగొచ్చే రోజున, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఆమె, "ఇక్కడే ఉండండి, రెండు నిమిషాల్లో వస్తా," అని వెళ్ళింది. మళ్ళీ రాలేదు. అతను నాలుగు గంటలు నిలబడ్డాడు. అది జరిగి ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత అతను ఎవరితో ఏం మాట్లాడినా, మాట లోపలికి వెళ్తోందో లేదో తెలిసేది కాదు.

*

కంట్రోల్ రూము ఆపరేటర్ అరవైకి దగ్గరపడిన ఆవిడ. అందరూ ఆపరేటరమ్మ అనేవాళ్ళు. స్వెటరు అల్లుకుంటూ, అల్లుకుంటూనే వంతెనను ఎత్తి దించేది. పదిహేడు వచ్చిన రోజే పైనుంచి కిందికి చూసి, "పెళ్ళయిందా నాయనా?" అంది. "లేదమ్మా." "అయినట్టున్నావే. అయినవాళ్ళలా చొక్కా మడతపెట్టుకున్నావు." ఇంతమంది శత్రువులు పట్టలేకపోయిన మనిషిని ఆవిడ అర నిమిషంలో పట్టేసింది.

ఆవిడ కీబోర్డు మీద క్యూ మీటకు ఎర్ర టేపు అంటించి ఉండేది. వంతెన ప్రోగ్రాములో క్యూ నొక్కితే ప్రోగ్రాం మూసుకుంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ మూయలేదు, మూయకూడదు. ఊడ్చే మనిషి కూడా ఆ మీట దగ్గరికి గుడ్డ తెచ్చేది కాదు.

ఆపరేటరమ్మకు ఇంకో అలవాటుంది. నాలుగయ్యేసరికి ఆవిడ కళ్ళు అలిసిపోతాయి. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, రెండు మీటలు కలిపి నొక్కుతూ తెర మీద అక్షరాలు పెంచుకుంటుంది. అక్షరాలు పెరిగితే తెరలో పట్టే వరసలు తగ్గుతాయి. ప్రోగ్రాం దానికి తగ్గట్టు తన పెట్టెలన్నీ దగ్గరగా జరుపుకుని సర్దుకుంటుంది. ప్రతిరోజూ, ఠంచనుగా నాలుగుకి. పదిహేడు బల్లకింద కేబుళ్ళు బిగిస్తూ ఏడు రోజులు అది చూశాడు.

గురువారం వచ్చింది. నాలుగవడానికి పది నిమిషాలుందనగా ఒక ఇసుక పడవ వస్తే ఆపరేటరమ్మ వంతెన ఎత్తింది. అదే సమయానికి పై అంతస్తు నుంచి ఫోను వచ్చింది. డాబా మీద యాంటెనా ఊగుతోంది, మెకానిక్ అర్జెంటుగా రావాలి. నడవాలో బూడిదరంగు టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేస్తూ కనిపించాడు. పదిహేడు డాబా ఎక్కి చూస్తే యాంటెనా గోడలో పాతిన మేకులా కదలకుండా ఉంది. అతను మెట్లు మూడేసి చొప్పున దూకుతూ దిగాడు. గదిలోకొచ్చేసరికి గోడ గడియారం నాలుగూ మూడు.

"వచ్చావా నాయనా," అంది ఆపరేటరమ్మ. "కంపెనీ నుంచి ట్రైనరట, ఎవరో దొరసానిలా ఉంది, ఆకుపచ్చ కోటు. వచ్చి ఏదో అప్‌డేట్ అని కొట్టి, ఇప్పుడే పక్కగదిలోకెళ్ళింది. అప్పటినుంచీ దీనికేదో రోగమొచ్చింది."

"రైలు?"

"వస్తోంది. వంతెన దింపాను, తాళం పడింది, పచ్చ ఇచ్చేశాను. అది కాదు నేను చెప్పేది. ఇటు చూడు, అక్షరాలు పెంచితే బొమ్మ సర్దుకోవట్లేదు. కుడిపక్కంతా తెగిపోయింది."

అతను తెర వైపు చూశాడు. 'వంతెన: దిగింది. తాళం: పడింది. సిగ్నల్: పచ్చ.' అంతా సవ్యంగానే ఉంది. పెద్ద అక్షరాలకు చోటు చాలక పెట్టెల కుడి అంచులు తెర బయట పడిపోయాయి. కిందివైపు రెండు వరసలు లేనేలేవు. ఎనభై అక్షరాలు, ఇరవై నాలుగు వరసలు, ఆ కొలత దాటి ఈ ప్రోగ్రాం అంగుళం కదలనంటోంది. ఇది అసలుది కాదు. అసలుదానిలా ముఖం పూసుకుని దాని ముందు కూర్చున్న నకలు.

ఎడమవైపు పెట్టె మూలల్లో కూడిక గుర్తులున్నాయి.

ఆ పెట్టెలు గీసిన చెయ్యి అతనికి తెలుసు. తన సర్వీసు కంప్యూటర్ ముందుకు లాక్కుని, వంతెన మోటార్ల నుంచి నేరుగా వచ్చే సంకేతాన్ని అడిగాడు. జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. వంతెన పైనే ఉంది. దింపమని ఆవిడ నొక్కిన ఆజ్ఞను నకలు మింగేసి, పచ్చ సిగ్నల్‌ను మాత్రం పోనిచ్చింది.

"అమ్మా, రైలు చివరి సిగ్నల్ దగ్గరికి ఎప్పుడొస్తుంది?"

"నాలుగూ తొమ్మిదికి. అది దాటితే ఇక ఆగదు. ఏమైంది?"

"వంతెన దిగలేదు."

ఆపరేటరమ్మ చేతిలో అల్లిక సూదులు ఆగిపోయాయి. వారం మొత్తంలో అవి ఆగడం అదే మొదటిసారి. వంతెన కాపలావాడికి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. ఎర్ర సిగ్నల్ ఇవ్వాలంటే ఆవిడ టెర్మినల్ నుంచే ఇవ్వాలి, ఇంకే యంత్రం మాటా సిగ్నల్ వినదు. ఆ టెర్మినల్ మీద నకలు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పదిహేడు తన కంప్యూటర్‌లో దాని నంబరు పట్టుకున్నాడు. ఒక్క ఆజ్ఞతో దాన్ని చంపొచ్చు.

"లేవకండి," అన్న మాట వెనకనుంచి వినిపించింది. "అలాగే కూర్చోండి, ఏమండీ."

అతను పెట్టుకున్న కళ్ళజోడు అంచు అద్దంలో చిన్నగా, వంకరగా ఆమె కనిపించింది. ఆకుపచ్చ కోటు, మెడ చుట్టూ పట్టు స్కార్ఫ్. ఎనిమిదేళ్ళు ఆమె మీద ఏమీ పనిచేసినట్టు లేవు. కళ్ళ దగ్గర మాత్రం కొంచెం.

"ట్రైనర్ అంటే వీళ్ళు నమ్మారా?" అన్నాడు అతను.

"నేను ట్రైనర్నే కదా. మీకు నేర్పింది ఎవరు?"

"తుపాకి ఉందా?"

"నా దగ్గర లేదు. నడవాలో బూడిదటోపీ దగ్గర ఉంది. అయిదు నిమిషాలకోసారి తొంగిచూస్తాడు, మెల్లగా మాట్లాడండి." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "దాన్ని చంపకండి. బలవంతంగా చంపితే తెర మూగబోతుంది, మీకు తెలుసు. టైము లేదు. క్యూ నొక్కండి."

"ఎర్ర టేపున్న మీట."

"అదే. అన్నీ సర్ది, గది అప్పజెప్పి పోతుంది. నేనే రాశాను."

"నొక్కితే యంత్రం బిగుసుకుపోయి, ఇక ఏదీ పనిచేయకుండా పోతే?"

"పోదు. నమ్మండి."

ఆపరేటరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ మొగుడూపెళ్ళాలా?"

"కాదు," అన్నాడు అతను.

"అవును," అంది ఆమె. రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి.

గడియారం నాలుగూ ఏడు. అతని చెయ్యి ఆపరేటరమ్మ కీబోర్డు మీదికి వెళ్ళింది. ఎర్ర టేపు మీద వేలు ఆనింది కూడా. వెనక్కి తిరగలేదు. తిరిగితే నొక్కేస్తానని అతనికి భయం వేసింది.

"రెండు నిమిషాల్లో వస్తానన్నావు," అన్నాడు. "నాలుగు గంటలు నిలబడ్డాను."

"తెలుసు," అంది ఆమె. "ఎదుటి ప్లాట్‌ఫారం నుంచి చూశాను."

అతను వేలు తీసేశాడు. పక్కకు జరిగి, తన కంప్యూటర్‌లో ఆజ్ఞ కొట్టి నకలును చంపేశాడు.

అద్దంలో ఆమె ముఖం ఒక్క క్షణం అలాగే ఉంది. నడవాలో బూట్ల చప్పుడైంది. ఆమె గిరుక్కున తిరిగి, తలుపు తీసి, ఎవరితోనో విసుగ్గా, "పనైపోయింది. ఇంకా ఇక్కడే నిలబడి అనుమానం తెప్పిస్తావా? నడు," అంది. తలుపు బయటినుంచి మూసింది. చప్పుడు కాకుండా, పిడి తిప్పి పట్టుకుని మూసింది. ఆపరేటరమ్మ వెళ్ళి గడియ పెట్టింది.

ఆమె చెప్పినట్టే జరిగింది. తెర మూగబోయింది. చచ్చిన ప్రోగ్రాం గీసిన పెట్టెలు అలాగే మిగిలిపోయాయి, 'వంతెన: దిగింది' అన్న అబద్ధం కూడా. అతను ఆపరేటరమ్మ కీబోర్డు మీద అక్షరాలు కొట్టాడు. తెర మీద ఒక్కటీ కనిపించలేదు. ఎంటర్ నొక్కాడు. పలకలేదు. చీకట్లో ఉత్తరం రాస్తున్నట్టుంది. తప్పు కొట్టాడో, ఒప్పు కొట్టాడో చెప్పేవాళ్ళు లేరు.

"నాలుగూ ఎనిమిది," అంది ఆపరేటరమ్మ.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఎంటర్. ఏమీ లేదు. మూడొందల పన్నెండు మంది ఎవరో అతనికి తెలియదు. ఈపాటికి సామాను దించుకోవడానికి లేస్తుంటారు, పిల్లలకు బూట్లు తొడుగుతుంటారు.

అప్పుడేం చేస్తారు అని ఆమె అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. మీకు ఫోన్ చేస్తానన్నాడు తను. ఆమె నవ్వింది. నవ్వాక చెప్పింది. అవును, నవ్వాక చెప్పింది, స్కేలుతో అతని వేళ్ళ మీద తడుతూ: "ఎంటర్ పలకకపోతే కంట్రోల్, జే. కనిపించట్లేదని భయపడకండి. మీరు చెప్పేది లోపల వినిపిస్తూనే ఉంటుంది."

కంట్రోల్, జే. ముందు కొట్టిన చెత్త అంతా పోయింది. రీసెట్ అన్న ఇంగ్లీషు మాటకు అయిదు అక్షరాలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ, చూడకుండా. మళ్ళీ కంట్రోల్, జే.

తెర ఒక్కసారి తెల్లబోయి, నల్లగా శుభ్రపడింది. మూలన కర్సర్ కొట్టుకుంది. అసలు ప్రోగ్రాం పేరు కొట్టాడు. అది వచ్చి, తెర కొలుచుకుని, ఆపరేటరమ్మ పెద్ద అక్షరాలకు సరిపడా పెట్టెలు దగ్గరగా సర్దుకుని నిలబడింది. 'వంతెన: పైన. సిగ్నల్: పచ్చ.'

ఆపరేటరమ్మ అతని భుజం మీదుగా చెయ్యి చాచి, కళ్ళజోడు లేకుండానే, ముప్ఫయ్యేళ్ళ అలవాటు మీద ఒక మీట నొక్కింది. పచ్చ పోయి ఎరుపు వచ్చింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు నాలుగూ తొమ్మిదిని అప్పుడే అందుకుంటోంది.

రైలు ఆగింది. ఇంజను ముక్కుకూ, కింద నీళ్ళకూ మధ్య నలభై అడుగుల పట్టాలు మిగిలాయి. లెక్కల మాస్టారు ఈ హడావుడిలో నిద్రలేవలేదని తర్వాత తెలిసింది.

*

బూడిదటోపీ మనిషిని గేటు దగ్గరే పట్టుకున్నారు. వంతెన కాపలావాణ్ణి తన గదిలోనే కట్టిపడేసి ఉండగా విడిపించారు. ఆకుపచ్చ కోటు మాత్రం ఎవరికీ చిక్కలేదు.

అయిదున్నరకు, ఆ ఆఫీసులోనే పై అంతస్తులో ఒక ఖాళీ గదిలో, పదిహేడు నకలు ప్రోగ్రాం ప్రతిని పెట్టుకుని విప్పాడు. పెద్దాయన వెనక నిలబడ్డాడు. కొలత మార్చుకునే భాగం అందులో ఉంది. చక్కగా, పూర్తిగా రాసి ఉంది. దాన్ని పనిచేయకుండా ముందు ఒక గీత పెట్టి ఆపారు.

"మర్చిపోలేదు," అన్నాడు పదిహేడు.

"అంటే?"

"కావాలనే ఆపింది సార్. నేను చూస్తే తెలుసుకుంటానని. నాలుగింటికి ఆపరేటరమ్మ అక్షరాలు పెంచుతుందని కూడా కనిపెట్టి ఉంటుంది."

"తూనీగలు దీన్ని పరీక్షించి ఉంటారే?"

"అన్ని మీటలూ నొక్కి చూసుంటారు సార్. ఎర్ర టేపున్నదాన్ని ఎవరు నొక్కుతారు?"

పదిహేడు నకలును నడిపించాడు. పెట్టెలు వచ్చాయి, కూడిక గుర్తుల మూలలతో. క్యూ నొక్కాడు.

ఆమె అన్నట్టే జరిగింది. పెట్టెలు పోయాయి. తెర అంతకుముందు ఎలా ఉందో అలా వెనక్కి వచ్చింది. అక్షరాలు కనిపిస్తున్నాయి, ఎంటర్ పలుకుతోంది. ఇంత శుభ్రంగా మూసుకున్న ప్రోగ్రామును అతను ఎప్పుడూ చూడలేదు. అన్నీ అప్పజెప్పాక, ఖాళీ తెర మీద ఒక్క వరస రాసింది.

'ఏమండీ, నాలుగున్నర పడవ. ఇద్దరికీ చోటు ఉంచాను. ఈసారి నేనే నిలబడతాను.'

అతను దాన్ని రెండుసార్లు చదివాడు. నాలుగూ ఏడుకు ఆ వేలు నొక్కి ఉంటే, రైలు ఆగి ఉండేది, ఇదీ కనిపించి ఉండేది. రేవు అక్కడికి పది నిమిషాల నడక. వేలు మీట మీదే ఉంది. చెప్పిన మాట మీద నమ్మకమే లేకపోయింది. పెద్దాయన కిటికీ వైపు తిరిగి, అక్కడ చూడటానికి ఏదో ఉన్నట్టు నిలబడ్డాడు.

రేవుకు వెళ్ళేసరికి ఆరు దాటింది. తాళ్ళు చుడుతున్న మనిషిని అడిగాడు.

"ఆకుపచ్చ కోటావిడా? ఉంది, ఉంది, ఇందాకటిదాకా," అన్నాడు అతను. "మెట్ల మీదే నిలబడింది. రెండో గంట కొట్టాక ఎక్కమన్నాను. ఎవరో రావాలంది. మూడో గంటకి కూడా కిందే ఉంది. ఆవిడ కోసం పడవని అయిదు నిమిషాలు ఆపానండీ, ఇక వల్లకాక ఆవిణ్ణి ఎక్కించి పంపేశాను. మీరేనా రావాల్సింది?"

"కాదు," అన్నాడు పదిహేడు. కొంచెం ఆగి, "అవును," అన్నాడు.

*

మర్నాడు కళ్ళ దుకాణంలో వస్తువులు వెనక్కి ఇచ్చే తతంగం జరిగింది. పెద్దాయన ఫారం ముందు పెట్టుకుని గుర్తులు పెట్టాడు.

"కళ్ళజోడు ఒకటి. పెన్ను ఒకటి. ఏమైనా చేసిందా ఇది?"

"రాసింది సార్."

"నీ రిపోర్టు చదివాను. నువ్వు కదలకపోయుంటే చివరి నిమిషంలో ఆవిడే నొక్కేదని నాకనిపిస్తోంది. పైవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. ఆ నకలు ప్రోగ్రాం ప్రతులన్నీ నాశనం చేయాలని ఆర్డరు." ఆయన పెన్ను పైకెత్తి పట్టుకున్నాడు. "అది గానీ, ఇంకేదైనా గానీ, నీ దగ్గర ఉండిపోయిందా?"

"లేదు సార్."

పెద్దాయన అతని కళ్ళలోకి చూశాడు. కళ్ళ డాక్టరు వేషం ఎన్నాళ్ళో వేసినవాడు, ఆయనకూ కొంత వైద్యం అబ్బింది. గుర్తు పెట్టి సంతకం చేశాడు.

సాయంత్రం, ఒక్క కుర్చీ ఉన్న గదిలో, పదిహేడు అన్నం కంచం పక్కన పెట్టుకుని కంప్యూటర్ తెరిచాడు. కూడిక గుర్తుల మూలలతో పెట్టెలు వచ్చాయి. కిటికీ అంచు పట్టుకుని కాసేపు పెద్దది చేశాడు, కాసేపు చిన్నది చేశాడు. అవి కదల్లేదు. క్యూ నొక్కాడు. ఆమె గది సర్ది, అప్పజెప్పి, వెళ్ళేముందు అతన్ని పిలిచింది.

అబద్ధాలాడటానికి జీతం తీసుకునే మనిషి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒకటి సొంతానికి ఆడుకున్నాడు.